నీలావతి ఏరుకున్న తొట్టి

ధర్మవరంలో మా వీధిలో సాయినాథ్ ఇంటికి కొత్తగా ఎవరైనా వస్తే ముందు హాలు చూపిస్తారు, తర్వాత వంటగది చూపిస్తారు, ఆఖరికి స్నానాల గది చూపిస్తారు. స్నానాల గదిని చుట్టాలకు చూపించడం నేనైతే ఇంకెక్కడా చూడలేదు. తలుపు తీసి లైటు వేస్తారు. గది మధ్యలో, ఏ గోడకూ ఆనకుండా, రాతి దిమ్మె మీద తెల్లటి తొట్టి ఒకటి ఉంటుంది. మనిషి మెడదాకా మునిగి కూర్చునేంత లోతు. కోడలు స్వప్న నవ్వుతూ, మా అత్తమ్మే హిందూపురం పోయి ఏరుకునింది అని చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆ అత్తమ్మ మాత్రం ఇంటి ముందు అరుగు మీదో, మా ఇంట్లోనో ఉంటుంది.

ఆమె పేరు నీలావతి. నాకు నీలక్క. ఆమె మగ్గం నేస్తుంటే పక్కన పీట వేసుకుని, రెండో వైపు పోగు మోసుకొచ్చే నాడె అందుకుని మళ్ళీ తోసిన మనిషిని నేను. అంచు ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు ఉన్న పట్టుచీరకు ఇద్దరు మనుషులు కావాలి. నాకు సొంత మగ్గం ఎప్పుడూ లేదు. ఆమె మగ్గమే నాకు కూడు పెట్టింది. అందుకని ఆమె సంగతి చెప్పేటప్పుడు నాకు కోపం వస్తే ఎవరూ అడ్డం రావద్దు.

మగ్గం ఎరగనివాళ్ళకు ఒక్క విషయం చెప్పాలి. మా మగ్గానికి కుర్చీ ఉండదు, గుంత ఉంటుంది. నేల తవ్వి, ఆ గుంత అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వదులుతాం. అడుగున ఉన్న పలకలను పాదాలు తొక్కుతుంటే పైన చేతులు నేస్తాయి. ఎవరి గుంత వాళ్ళ కాళ్ళకు సరిపోవాలి. లోతు ఎక్కువైతే పాదం పలకకు అందదు. తక్కువైతే మోకాలు పైకి లేచి నడుము విరుగుతుంది.

నీలక్క కూర్చున్న గుంత మొదట ఆమెది కాదు, ఆమె మొగుడిది. ఆయన పొడగరి. సాయినాథ్ హైస్కూల్లో ఉండగానే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మగ్గం మీద సగం చీర అట్లాగే ఉండిపోయింది. దినాలు అయిన మరుసటి రోజు నీలక్క ఆ గుంతలో కూర్చుంటే కాళ్ళు గాలిలో వేలాడాయి. అప్పుడు మేస్త్రి తిప్పన్న వచ్చి, ఆమెను అంచున కూర్చోబెట్టి, నడుము నుంచి మడమ దాకా తాడుతో కొలిచి, అడుగున రాళ్ళు పరిచి గుంతను పైకి లేపాడు. ఆమె కన్నీళ్ళు తుడుచుకుని ఆ సగం చీర పూర్తి చేసింది. ఆ గుంతలోంచే కొడుకు ఇంజనీరింగ్ చదివాడు. ఆ గుంతలోంచే పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం దాకా పోయాడు. ఈ మాట నేను వాడి ముందు కూడా అంటాను.

ఆ గుంతలోనే ఆమె మోకాళ్ళు పోయాయి. అడుగున ఎప్పుడూ చెమ్మ. చలికాలంలో ఆ చలి ఎముకలోకి పాకేది. కొన్నేళ్ళకు నడిస్తే కీళ్ళు చప్పుడు చేసేవి. పెనుకొండలో ఎముకల డాక్టరు చూసి, గుండె బలహీనంగా ఉంది కాబట్టి ఆపరేషన్ వద్దన్నాడు. రోజూ నడుము దాకా వేడినీళ్ళలో కాసేపు కూర్చోమన్నాడు, నీళ్ళలోనే కాళ్ళు ఆడించమన్నాడు. బకెట్‌లో పాదాలు పెడితే వేడి పిక్క దాటి పైకి రాదు. చెంబుతో పోసుకుంటే పోసినంతసేపే. నీలక్క ఈ రెండూ చేసి చూసింది.

అప్పుడే పాత ఇల్లు కొట్టేసి, అదే స్థలంలో మిద్దె కట్టడానికి సాయినాథ్ పూనుకున్నాడు. మగ్గం అమ్మేశారు. అమ్మకోసం స్నానాల గదిలో మంచి తొట్టి పెట్టిస్తానని వాడు పదిమందిలో చెప్పాడు. చెప్పినప్పుడు మనసారానే చెప్పాడు, ఆ సంగతి నేను కాదనను. ప్లాను కాగితం చూస్తే స్నానాల గది సరిగ్గా మగ్గం ఉన్నచోటే వచ్చింది. అది చూడగానే నీలక్క ముఖం వెలిగింది.

ఆమె ఆలోచన చాలా తేలిక. గుంత పూడ్చొద్దు. ఇంకొంచెం వెడల్పు చేసి, తొట్టిని అందులోకి దించాలి. తొట్టి అంచు నేలకు సమానంగా వస్తుంది. అప్పుడు ఆమె ఎక్కక్కర్లేదు. అంచున కూర్చుని, కాళ్ళు వదిలి, మెల్లగా లోపలికి జారితే చాలు. బయటికి రావాలంటే రెండు చేతులూ అంచుకు ఆనించి ఒళ్ళు పైకి లేపుకోవాలి. జీవితమంతా రోజూ చేసిన పనే. కాళ్ళు పోయాయి కానీ, నేసిన చేతులు కదా, చేతులు గట్టివి. తిప్పన్న వచ్చి చూసి, పెరడు పల్లంగా ఉంది కాబట్టి వాడిన నీళ్ళు అటు పోతాయని, ఇబ్బంది లేదని చెప్పాడు. సాయినాథ్ కూడా సరేనన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

తొట్టి కొనడానికి హిందూపురం పోయిన రోజు నీలక్క నన్నూ కారులో ఎక్కించుకుంది. పెనుకొండ దాటేదాకా కోడలు ఫోనులో తొట్ల బొమ్మలు చూపిస్తూ వచ్చింది. ఒకటి పడవలాగా, ఒకటి కోడిగుడ్డును అడ్డంగా కోసినట్టు, ఒకటి లోపల తెలుపు బయట నలుపు. నీలక్క అన్నీ చూసింది కానీ ఏమీ తేల్చలేదు. చూసి, ముట్టుకుని చెప్పాలంది. ఆమె కొత్త పట్టుచీర కట్టుకుని వచ్చిందని అప్పుడు గమనించాను. బతుకంతా పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు చెప్పిన రంగు, షావుకారు చెప్పిన బుటా. తనకు నచ్చింది ఏరుకోవడానికి బయలుదేరడం ఆ మనిషికి అదే మొదలు.

బెంగళూరు రోడ్డు మీద పెద్ద కొట్టు. టైల్సు, కొళాయిలు, అద్దాలు, పై అంతస్తులో తొట్లు. చూపించినాయన పేరు గణేష్. మాటలో సగం కన్నడం. నీలక్క నడక చూడగానే ఆయన మమ్మల్ని ఒక మూలకు తీసుకుపోయాడు. అక్కడ ఒక తొట్టి ఉంది. దానికి పక్కన చిన్న తలుపు, లోపల కూర్చునే దిమ్మె. తలుపు తెరిచి నడిచిపోయి కూర్చుని, తలుపు మూసి నీళ్ళు వదులుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళంతా ఇదే తీసుకుపోతున్నారని చెప్పాడు. చూడటానికి అంత అందంగా లేదు. స్వప్న ముఖం చిట్లించుకుంది. కానీ ఆ తొట్టి వద్దన్నది స్వప్న కాదు, నీలక్కే.

"నాకు ఎక్కే తొట్టి వద్దు, తలుపు తొట్టీ వద్దప్పా. నాది దిగే తొట్టి. మా ఇంట్లో గుంత ఉండాది," అంది.

గణేష్‌కు అర్థం కాలేదు. మగ్గం గుంత సంగతి సాయినాథ్ చెబితే, ఇట్లా అడిగినవాళ్ళను ఇంతవరకు చూడలేదని ఆయన నవ్వాడు. నీలక్క ఆ నవ్వు పట్టించుకోలేదు. ఒక్కో తొట్టి పక్కనా నిలబడి, లోపలికి చెయ్యి పెట్టి, తన నడుము దగ్గర చెయ్యి వేసుకుని, లోతు చూసుకుంటూ పోయింది. ఆఖరికి గోడల అండ లేకుండా విడిగా నిలిచే ఒక తెల్లటి తొట్టి దగ్గర ఆగింది. అన్నిటికన్నా లోతైనది అదే. గుంతలోకి దించడానికి చుట్టూ గోడ కట్టే పని లేదు, దాని గోడ దానికే ఉంది. లోతు తన కాళ్ళకు సరిగ్గా ఉంది. ఒకసారి కూర్చుని చూస్తానంది. నేనూ స్వప్నా చెరో పక్క పట్టి, గణేష్ ఒక స్టూలు తెచ్చి వేస్తే, ఎంతో కష్టం మీద లోపలికి చేర్చాం. ఆమెకు నొప్పి పెట్టింది. అయినా లోపల కూర్చుని, అంచు మీద చేతులు పరిచి నవ్వింది.

"ఈడ ఎక్కల్సి వచ్చింది గాని, ఇంట్లో అయితే దిగేదే కదే పుష్పా," అంది నాతో.

రెండు గోడలున్న తొట్టి అని, మధ్యలో గాలి ఉంటుందని గణేష్ చెప్పాడు. లోపల నీళ్ళు ఎంత వేడిగా ఉన్నా బయట చెయ్యి పెడితే తెలియదట, వేడి బయటికి పోనే పోదట. నీలక్కకు అది మరీ నచ్చింది. గుంతలో చలి ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. చుట్టూ మన్ను ఎంత చల్లగా ఉన్నా లోపల తన నీళ్ళు తనకు వెచ్చగా ఉంటాయి అనుకుంది. రంగు కూడా ఆమే చెప్పింది. లోపలా బయటా తెలుపే. స్వప్న నలుపు అడిగింది కానీ ఎక్కువ పట్టు పట్టలేదు. తిరుగు దారిలో నీలక్క కారులో నిద్రపోయింది.

ఇల్లు కట్టినన్నాళ్ళూ వాళ్ళు మా పక్క వీధిలో బాడుగకు ఉన్నారు. నీలక్క రోజూ కర్ర పట్టుకుని వచ్చి గుంత చూసుకుని పోయేది. దాని మీద మగ్గం అమ్మగా మిగిలిన పాత పలకలు కప్పించింది. అమావాస్య నాడు మేము మగ్గం ఆపి పసుపూ కుంకుమా పెట్టే అలవాటు. మగ్గం లేకపోయినా ఆ గుంత అంచున ఆమె కుంకుమ పెట్టింది. కూలీలు నవ్వుకున్నారు.

అంతలో ముదిగుబ్బలో ఆమె చెల్లెలికి జబ్బు చేస్తే చూసుకోవడానికి పోయింది. ఆ రోజుల్లోనే వాస్తు ఆయన దిగాడు. ఫ్యాక్టరీలో సాయినాథ్ పై అధికారి పంపిన మనిషి. ఇల్లంతా తిరిగి, స్నానాల గది దగ్గర ఆగి, నైరుతి మూల గుంత ఉంటే ఇంటి యజమానికి ప్రాణగండం అని చెప్పాడు. స్నానాల గది ఉండొచ్చట, మురుగు గొట్టం పోవచ్చట, గుంత మాత్రం ఉండకూడదట. పైగా నైరుతి ఎంత ఎత్తుంటే అంత మంచిదట. మర్నాడు నేను పోయేసరికి గుంత పూడ్చడానికి ట్రాక్టరు గరుసు మట్టి దించుతోంది. తిప్పన్నను అడిగితే తల వంచుకున్నాడు, యజమాని చెప్పినాడు అన్నాడు. యజమాని అక్కడే ఫోను చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఇది మీ అమ్మకు చెప్పినావా అని నేను అడిగాను.

"గుంత నాయన్ను మింగింది చిన్నమ్మా. అమ్మ కాళ్ళు మింగింది. ఇంకా దాన్ని ఇంట్లో పెట్టుకోమంటావా?" అన్నాడు వాడు.

వాడు భయపడుతున్నాడని కనిపించింది. వాడికి పిల్లలున్నారు. కానీ భయపడేవాడు తల్లికి ఒక్క మాట చెప్పడానికి ఏమైంది? మింగింది నిజమే. చదివించింది కూడా ఆ గుంతే, అది వాస్తు ఆయనకు ఎవరు చెప్పాలి? నేను అక్కడే నిలబడి నీలక్కకు ఫోను చేశాను. చెల్లెలిని వెంటనే వదిలి రాలేక, రెండు రోజులకు ఆమె బస్సెక్కి వచ్చేసరికి గుంత పూడి, దిమ్మిసతో కొట్టి, నేల గట్టిపడి ఉంది. దాని మీద నైరుతి ఎత్తు కోసం రాతి దిమ్మె లేస్తోంది. ఆమె చాలాసేపు కర్ర ఆనించుకుని చూసింది. కొడుకును తిట్టలేదు. తొట్టిని కొట్టుకు తిరిగిచ్చి ఆ తలుపు తొట్టి తెచ్చుకుందామా అని అడిగింది. ఒకసారి అమ్మింది వాళ్ళు వెనక్కి తీసుకోరని సాయినాథ్ చెప్పాడు.

"నువ్వు ఏరుకున్నదే కదమ్మా. గుంతలో ఉంటే ఏమి, పైన ఉంటే ఏమి, అదే తొట్టి," అన్నాడు.

అదే తొట్టి. గుంతలో ఉంటే ఎంత లోతుందో, పైన ఉంటే అంత ఎత్తు. దానికి తోడు దిమ్మె. ఆ కొట్టులో ఉన్న తొట్లలో ఆమె ఎక్కలేనిది ఏదైనా ఉందంటే అది ఆమె చేత్తో ఏరుకున్నదే. ఈ సంగతి ఆమెకు అర్థమైంది. నాకు అర్థమైంది. ఇంజనీరుకు అర్థం కాలేదంటే నేను నమ్మను.

గృహప్రవేశానికి కదిరి నుంచి, చిలమత్తూరు నుంచి చుట్టాలు వచ్చారు. అందరూ ఆ గది చూశారు. ఎంత అదృష్టం చేసుకున్నావు, ఇట్లాంటి కొడుకు ఎవరికి ఉన్నాడు అని ఆడవాళ్ళు నీలక్క చేతులు పట్టుకున్నారు. ఆమె తలూపింది. ఇంకేం చేస్తుంది?

సాయినాథ్ ఊరికే ఉండలేదు, వాడి వైపు న్యాయం కూడా చెప్పాలి. స్టీలు మెట్లు చేయించాడు. దిమ్మె పక్కన పట్టుకోవడానికి కమ్మీ బిగించాడు. ఒకరోజు స్వప్న నన్ను పిలిచి, అత్తమ్మను ఈ రోజు ఎక్కిద్దాం అంది. తొట్టి నిండా వేడినీళ్ళు పట్టింది. ఇద్దరం పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు చేత్తో ఎత్తి పెట్టి, ఎట్లాగో దించాం. నీళ్ళు నడుము దాటాయి. నీలక్క కళ్ళు మూసుకుంది. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. కానీ ఆమె మళ్ళీ కళ్ళు తెరిచింది. ఎట్ల లేసేది అని అడిగింది. ఆ తర్వాత నీళ్ళలో ఉన్నంతసేపూ ఆమె అదే ఆలోచించింది.

లేవలేకపోయింది. చేతులతో ఒళ్ళు లేపుకుంది కానీ, అంత ఎత్తు అంచు మీదుగా కాలు బయటికి రాలేదు. నేనూ స్వప్నా లాగితే తడి ఒళ్ళు జారింది. స్వప్న భయపడి, మొగుణ్ణి పిలుస్తానంది. నీలక్క వద్దు వద్దని నా చెయ్యి పట్టుకుని బతిమాలింది. ఎంతసేపని? నీళ్ళు వదిలేశాం. ఆమె వణికింది. పొడి చీర చుట్టి, దానిపైన దుప్పటి చుట్టి, అప్పుడు సాయినాథ్‌ను పిలిచాం. వాడు ముఖం పక్కకు తిప్పుకుని తల్లిని ఎత్తి బయట పెట్టాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. ఆమె మాత్రం ఏడవలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ తొట్టి మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె ఆ గదిలోనే ఒక మూల ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, బకెట్ పెట్టుకుని, చెంబుతో మోకాళ్ళ మీద పోసుకుంటుంది. పాత ఇంట్లో చేసినట్టే. తొట్టి ఊరికే ఉండటం ఎందుకని ఆదివారాలు సాయినాథ్ వాడుకుంటాడు. వారమంతా ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి నడుము పట్టేస్తుందట. పాపం, నిజమే కావచ్చు.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం అలసందల వడలు చేసి ఆమెకు తీసుకుపోయాను. అత్తమ్మ స్నానాల గదిలో ఉందని, చాలాసేపు అయిందని స్వప్న చెప్పింది. నేను తలుపు తట్టి లోపలికి పోయాను. నీలక్క స్నానం చేయడం లేదు. చీర కట్టుకునే ఉంది. దిమ్మె అంచు మీద, తొట్టికి పక్కగా ఒరిగి కూర్చుని, రెండు మోకాళ్ళనూ దాని తెల్లటి గోడకు గట్టిగా ఆనించి పెట్టింది. తొట్టిలోంచి ఆవిరి లేస్తోంది. ఏంచేస్తాండావక్కా అని అడిగాను.

"వాడు ఇప్పుడే లేసి పోయినాడు పుష్పా. లోపల నీళ్ళు ఇంకా వేడిగానే ఉండాయి. ఆ వేడి రోంత ఈ పక్కకు వస్తాదేమోనని చూస్తాండా," అంది.

నేను ఆమె పక్కన కూర్చుని, ఆమె మోకాలి పక్కనే ఆ గోడ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.